గాజు తిరగని చెయ్యి

పురిటి మంచం మీద కూర్చుని ఈ రాతలేమిటని మా అత్తగారు పొద్దున్నుంచి రెండుసార్లు కేకేసింది. కళ్ళు పాడవుతాయని ఆవిడ బెంగ. ఆ బెంగ ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. పక్కలో పిల్లాడు నిద్రపోతున్నాడు. గుమ్మంలో మూడేళ్ళ మా పెద్దది చెక్కబొమ్మకి నీళ్ళు పోస్తోంది, సగం నీళ్ళు తన గౌను మీదే. గండం గడిచి ఇంట్లో పడ్డాను, ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చింది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

నా మొదటి కాన్పు సంగతి ఖరగ్‌పూర్‌లో మా ట్రాఫిక్ కాలనీ అంతా చెప్పుకుంటారు. ఒకావిడ నాకు గాలి సోకిందంటుంది. ఇంకొకావిడ నేను చచ్చి బతికానంటుంది. కుళాయి దగ్గర నా చావు గురించి నాకే చెప్పిన మహాతల్లి కూడా ఉంది, నేనెవరో తెలియక. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మంచిది. నాకు గుర్తులేని ముక్కలు మా ఆయన్నీ, అమ్మనీ, అత్తగారినీ అడిగి రాస్తున్నాను. వాళ్ళు ముగ్గురూ ఒక్క మాట మీద ఉండరు కాబట్టి ఏది ఎవరు చెప్పిందో కూడా చెప్తాను.

శ్రావణం

నా పేరు పైడితల్లి, అందరూ పైడి అంటారు. మా తాతలది శ్రీకాకుళం వైపు. రైల్వే కార్‌ఖానాలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా అయ్య కూడా అందులోనే చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. సాలువా పోలీసు క్యాంపు దాటి ఎర్రకంకర మోరం రోడ్డు మీద ఇంకాస్త పోతే వచ్చే ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకుని, వంకాయలూ బెండకాయలూ పండించి క్యాంపు వంటశాలకి వేస్తున్నాడు. మా ఆయన అప్పలరాజు కార్‌ఖానాలో ఫిట్టరు. వరసకి బావే. ట్రాఫిక్‌లో మా క్వార్టరు నుంచి ఆసుపత్రికి నడిచిపోవచ్చు.

ఏడో నెల రాగానే సూడిదలు పెట్టారు. చలిమిడి, పూలు, కొత్త చీర, అన్నిటికంటే ముఖ్యం గాజులు. సూడిదల గాజులంటే మావాళ్ళకి ఆషామాషీ కాదు. పురుడయ్యేదాకా ఒక్కటి తియ్యకూడదు, ఒక్కటి చిట్లకూడదు. పురుడయ్యాక వాటిని మంత్రసాని చేతిలో పెట్టాలి. మా అమ్మ గోల్‌బజార్‌లో ఆకుపచ్చవి కొని తెచ్చింది. మా అత్తగారు తానేం తక్కువ తిన్నానా అని ఎర్రవి తెచ్చింది. ఎవరినీ కాదనలేక రెండురకాలూ ముంజేతి సగం దాకా తొడిగించుకున్నాను. గాజులమ్మే ఆవిడ నా చెయ్యి పిండి పిండి బిగుతువే ఎక్కించింది. వదులువైతే పనిలో చిట్లిపోతాయట.

ఆ సాయంత్రమే పురుడెక్కడన్న మాట వచ్చింది.

“ఆసుపత్రి పక్కనే ఉన్నాది గదత్తా. ఇక్కడే పురుడు పోసుకుంటే ఏటి?” అన్నాడు మా ఆయన మా అమ్మతో, నెమ్మదిగానే.

“అల్లుడు బాబూ, తొలి పురుడు పుట్టింట్లోనే. నాకేటి ఇల్లు లేదా, పొయ్యి లేదా? ఇనప మంచమ్మీద పడుకోబెట్టి మగోళ్ళ సేత పురుడు పోయిత్తారా?”

“మగోళ్ళేటి, అక్కడ లేడీ డాక్టరున్నాది.”

“ఉంటే ఉండనీ. నాను నలుగుర్ని కన్నాను. నన్నే డాక్టరు సూసినాది?”

మా అత్తగారు కొడుకు వైపు మాట్లాడుతుందేమోనని చూశాను. “ఆచారం కాదనకురా. మొదటిది అమ్మ దగ్గిరే,” అని ఆవిడే తేల్చేసింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా అమ్మ దగ్గరికే అనేదాన్ని. అత్తగారి చేతి చారు తిని తిని నాలుక మొద్దుబారి ఉంది.

అలా వీధి చివరి ఆసుపత్రిని వదిలేసి, డాక్టరన్నవాడు ఎప్పుడూ కాలుపెట్టని ఊరికి రిక్షా ఎక్కి పోయాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. మేం చేసే తిక్కపని ఇది. జలుబు చేస్తే, వేలు తెగితే రైల్వే ఆసుపత్రికి పరిగెడతాం. పురుడనగానే మాత్రం దానికి వీపు తిప్పి, రైల్వే పాసు తీసుకుని పలాసకో పార్వతీపురానికో పుట్టింటికి బయల్దేరతాం. నాకు ముందు మా వీధిలో అందరూ అలాగే వెళ్ళారు. నా పుట్టింటికి రైలు కూడా అక్కర్లేదు, అదొక్కటే తేడా.

భాద్రపదం

మొదట్లో హాయిగా ఉంది. పొద్దెక్కేదాకా పడుకునేదాన్ని. అయ్య తోటలోంచి లేత బెండకాయలు తెస్తే అమ్మ పులుసు పెట్టేది. వానకి మోరం రోడ్డు ఎర్రగా తడిసి ఉండేది. ఊళ్ళో బెంగాలీ ఇళ్ళూ, కొన్ని సంతాల్ ఇళ్ళూ, తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. పురుళ్ళన్నీ ఎవరింట్లో వాళ్ళకే, దాయి అని పిలిచే ముసలి మంత్రసాని చేతిమీదే జరిగేవి. కొన్ని బాగా జరిగేవి. జరగని వాటి గురించి ఆ ఊళ్ళో గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

తర్వాత పాదాలు వాచాయి. అది అందరికీ వచ్చేదేనన్నారు, నిజమే కావచ్చు. ఆ తర్వాత ముఖం నిండింది. పక్కింటి వాళ్ళొచ్చి “మేయే హోబే,” ఆడపిల్లే అనేవారు. కాదు, మగపిల్లాడే అని మా అమ్మ వాదన. ఇద్దరికీ నా ఉబ్బిన ముఖమే సాక్ష్యం.

ఒకరోజు బియ్యం చెరుగుతుంటే ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే, నా గాజులు మోగడం లేదు. చేటతో పాటు గలగలమనాల్సినవి ముంజేతిని అంటుకుపోయి ఉన్నాయి. తిప్పబోతే తిరగలేదు. వాటి మధ్య చర్మం వరసగా పొంగి ఉంది.

“అమ్మా, గాజులు బిగిసిపోనాయి,” అన్నాను.

మా అమ్మ మురిసిపోయింది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూసి, “ఒళ్ళు సేసినావే తల్లీ. సెయ్యి నిండినాది. మీ అత్తింట్లో పుల్లల్లాగుండేవి. మీ అత్త వచ్చి సూడాలి, మా ఇంట్లో ఎలాటి తిండి పెట్టినానో,” అంది. నాకూ గొప్పగానే అనిపించింది.

తలనొప్పి మొదలైంది. కనుబొమ్మల మీద ఎవరో బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నట్టు ఉండేది. అమ్మ శొంఠి పట్టు వేసింది. తగ్గకపోతే దిష్టన్నది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే చిటపటమన్నాయి. అలాంటి నిప్పురవ్వలే నా కళ్ళముందు ఊరికే లేచేవి, పొయ్యి లేని చోట కూడా. అది మాత్రం నేనెవరికీ చెప్పలేదు. చెప్తే ఆ దిష్టి తంతు మళ్ళీ మొదలవుతుందని భయం, పొగకి దగ్గొచ్చేది.

“ఒకపాలి టౌనుకి తీసుకుపోయి సూపిద్దామేటే?” అని అయ్య అన్నాడు.

“ఈ గతుకుల్లో కడుపుతోటున్న పిల్లని ఎలా తిప్పుతావు? నీకేటైనా తెలుసా ఆడోళ్ళ సంగతి?” అంది అమ్మ. అయ్య బుట్ట తీసుకుని తోటలోకి పోయాడు. ఆడవాళ్ళ విషయంలో ఊరుకోవడమే ఆయనకి అలవాటు.

ఆశ్వయుజం

దుర్గా పూజల్లో షష్ఠి రోజు. దూరంగా డప్పు వినిపిస్తోంది. పొద్దున్న లేస్తూనే కుడి డొక్కలో పైకి పొడుచుకొచ్చింది, వాంతయింది. గుమ్మం మెట్టు కనిపించలేదు. అక్కడే ఉందని తెలుసు, కానీ మబ్బు కమ్మినట్టుంది. “అమ్మా, నీళ్ళు,” అన్నానట. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

ఇక్కడి నుంచి మా అమ్మ చెప్పింది. పొయ్యి పక్కన పడిపోయాను. పళ్ళు బిగుసుకున్నాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ. ఇరుగుపొరుగు చేరారు. గాలి సోకిందన్నారు. ఓఝాని, అంటే వాళ్ళ మంత్రగాణ్ణి, తీసుకురావడానికి ఒకరు పరిగెత్తారు. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని, ఆయన వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని కూర్చుంది.

మా అయ్య రోడ్డు మీదికి పరిగెత్తాడు. పూజ సరుకుల కోసం క్యాంపు లారీ ఒకటి టౌనుకి పోతోంది. రోజూ కూరగాయల బుట్టలు అందించే మనిషి కాబట్టి డ్రైవరుకి అయ్య తెలుసు. ఆ నేపాలీ డ్రైవరు బయటివాళ్ళని ఎక్కించుకోకూడదు. అయ్య చెయ్యెత్తి రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. డ్రైవరు దిగి, ఇంట్లోకి తొంగిచూసి, మారుమాట లేకుండా ఖాళీ గోనెసంచులు లారీలో పరిచాడు.

“ఓఝా రానీ అయ్యా, గాలితోటి పిల్లని ఊరు దాటించకూడదు,” అంది అమ్మ.

పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ మీద గొంతెత్తని మా అయ్య ఆ రోజు కూడా అరవలేదు. నన్ను భుజాన వేసుకుని, “నూకాలూ, బండెక్కు,” అన్నాడు. అంతే. ఆ మాట విన్నాక పురుటి మూట పట్టుకుని లారీ ఎక్కేశానని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

డ్రైవరు ప్రతి గుంట దగ్గరా లారీని పిల్లి నడకలా నడిపించాడట. పేరు కూడా తెలియని ఆ మనిషి చల్లగా ఉండాలి.

ఆసుపత్రి గేటు దగ్గర మళ్ళీ ఒకసారి అలాగే వచ్చింది. కబురంది మా ఆయన కార్‌ఖానా నుంచి నూనె చేతులతోనే వచ్చాడు, వెనకే మా అత్తగారు. ఇక్కడి నుంచి మా ఆయన చెప్పింది. మీరా దీదీ అనే బెంగాలీ నర్సు నన్ను లోపలికి తీసుకుంది. ఏళ్ళ తరబడి మావాళ్ళ పురుళ్ళు చూసి ఆవిడకి మా భాష వచ్చేసింది, నడుమ నడుమ బెంగాలీలో ‘మా’, అంటే అమ్మా, అంటుంది. బీపీ చూసి లేడీ డాక్టరుతో ఏదో చెప్పింది. తల్లో బిడ్డో, ఇద్దరూనో, ఏమీ చెప్పలేమన్నారు.

“గాజులు తీసెయ్యాలి,” అని మీరా దీదీ బయటికొచ్చి చెప్పింది. సబ్బు రాసినా రాలేదు. ముంజేతులు అంతగా వాచిపోయాయి. మళ్ళీ కొట్టుకుంటే గాజు పగిలి నరంలో దిగుతుంది, సూది వేద్దామన్నా చోటు లేదు. పగలగొట్టాల్సిందే.

అప్పుడు మా అత్తగారు తలుపుకి అడ్డంగా నిలబడింది. “నా కొడుకు నిచ్చేపంలాగ నిలబడుండగా దాని గాజులు పగలగొడతారా? సూడిదల గాజులవి. నానొప్పుకోను.” మా అమ్మ కూడా అదే మాట, ఇంకా గట్టిగా. సూడిదల గాజుల పోటీ నాటి నుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్న వియ్యపురాళ్ళిద్దరూ కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

మీరా దీదీ వాళ్ళతో వాదించలేదు. మా అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నా చెయ్యి చూపించింది. “అమ్మా, ఈ గాజు ఎన్నాళ్ళ నుంచి తిరగట్లేదు?” అని అడిగింది.

మా అమ్మకి గుర్తొచ్చింది, బియ్యం చేట, తన మురిపెం. “ఒళ్ళు సేసినాదనుకున్నాను, దీదీ,” అంది.

“ఒళ్ళు కాదు, నీరు. గాజు ముందే చెప్పింది, మా. మీకు చెప్పేవాళ్ళు లేరు.”

మా అమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. పగలగొట్టెయ్యమని ఆవిడే అంది.

పగలగొట్టింది మా ఆయన. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. తడిగుడ్డ చుట్టి, జేబులో ఉన్న చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే నొక్కుతూ, పెంకు చర్మానికి తగలకుండా తీశాడు. ఫిట్టరు చెయ్యి కదా. ఆకుపచ్చవీ ఎర్రవీ కలిసి పళ్ళెంలో పడుతుంటే మా అత్తగారు గోడ వైపు తిరిగి నిలబడింది.

చివరి గాజు పడగానే ఆవిడ గిరుక్కున తిరిగి, “ఒదినా, పసుపుకొమ్ముందా?” అంది. అమ్మ పురుటి మూటలో లేనిది లేదు. మా అత్తగారు తన చీరంచు చింపి, పసుపుకొమ్ము కట్టి, ముడి వేయడానికి రెండో కొస మా అమ్మ చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి నా మణికట్టుకి వదులుగా కట్టారు. బోసి చేతుల్తో మాత్రం నన్ను కాన్పు గదిలోకి పంపలేదు. ఈ ముక్క మాత్రం ముగ్గురూ ఒకేలా చెప్తారు.

పూజల రోజులు

నాకు తెలివొచ్చేసరికి చీకటి. రాత్రనుకున్నాను. “పగలే, మా,” అంది ఎవరో. మీరా దీదీ గొంతు అప్పుడే మొదటిసారి విన్నాను. కిటికీలకి నల్లగుడ్డ కట్టి, ఎవరూ గట్టిగా మాట్లాడకుండా ఆ గది ఉంచారు. వెలుగు తగిలినా, చప్పుడైనా మళ్ళీ ఆ కొట్టుకోవడం రావచ్చట. గుడ్డ కొంచెం తొలగించినా నాకు మాత్రం చీకటే. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఏమీ కనిపించడం లేదు.

ఆ భయం ఎలాంటిదో నాకు చెప్పడం రాదు. గట్టిగా ఏడవకూడదన్నారు, కాబట్టి లోపలే ఏడ్చాను. బిడ్డ కోసం చేత్తో పక్కంతా తడిమాను. మీరా దీదీకి అర్థమయింది కాబోలు, నా చేతిని తీసి ఒక వెచ్చటి మూట మీద పెట్టింది. గుప్పెడు తల, దాని మీద తడి జుట్టు, నా వేలికంటే సన్నటి చెయ్యి. ఆ చెయ్యి నా వేలు పట్టుకుంది.

“ఆడగుంట. చిన్నది గానీ గొంతు పెద్దది. భొయ్ నేయ్, భయం లేదు,” అంది దీదీ, సగం మా భాషలో సగం తన భాషలో. తెలివి లేకుండానే కన్న నా కూతుర్ని నేను ముందు చేత్తో చూశాను. ముక్కు మా ఆయనదేనని తడిమి చెప్పాను. తర్వాత చూస్తే నిజంగా ఆయనదే.

బయట పూజా పందిట్లో మైకు. ఢాకీల, అంటే డప్పులవాళ్ళ, మోత. ఆసుపత్రి గోడకి దగ్గర్లోనే పందిరి, మైకు గొట్టం మా కిటికీ వైపే. మా ఆయన వెళ్ళి ఆ పందిరి కుర్రాళ్ళని బతిమాలుకున్నాడు. పూజల్లో మైకు ఆపమంటే ఖరగ్‌పూర్‌లో తన్నులు తినాలి. వాళ్ళు మాత్రం “బౌదీకి ఎలా ఉంది, దాదా?” అని నన్ను వదిన వరస చేసి అడిగి, నిచ్చెనెక్కి గొట్టాన్ని రోడ్డు వైపు తిప్పేశారు. ఢాకీలని కూడా పందిరి అవతలి పక్కకి పంపారు. సప్తమి నుంచి విజయదశమి దాకా ఆ వీధికి దుర్గమ్మ సద్దు లేకుండా వచ్చి సద్దు లేకుండా వెళ్ళింది, నా ఒక్కదాని కోసం.

వరండాలో మాత్రం నిశ్శబ్దం లేదని తర్వాత తెలిసింది. “ఆసుపత్రి ముంగిట్లోంచి పిల్లని తీసుకుపోనారు,” అని మా అత్తగారు. “ఆచారం కాదనొద్దని సెప్పింది ఎవరేటి?” అని మా అమ్మ. ఆసుపత్రి కాబట్టి ఇద్దరూ గుసగుసగానే పోట్లాడుకున్నారట, అదొక విద్య. మధ్యమధ్యలో ఒకరికొకరు టీ తెచ్చిచ్చుకున్నారు. మా అయ్య, మా ఆయన చెరో మూలా కూర్చున్నారు.

దశమి నాటి పొద్దున్న నల్లగుడ్డ సందులోంచి బూడిదరంగు ఏదో కదిలింది. చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను. మొదట కనిపించింది పసుపు. చీరపేలిక, దానికొక పసుపుకొమ్ము. గాజులేవీ లేవు. మా ఆయనకేమైనా అయిందేమో అనుకున్నాను.

“బావా!” అని అరిచాను, అరవకూడదన్నది మర్చిపోయి.

“ఇక్కడే ఉన్నానే,” అని గుమ్మంలోంచి మాట. మసకమసకగా, గడ్డం మాసి, దొంగలా నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేను చూస్తున్నానని తెలిసి ఆయనా ఏడ్చాడు. పెళ్ళిలో కూడా మేం అంత తేరిపార ఒకరినొకరు చూసుకోలేదు.

మాఘం

ఇంటికొచ్చాక తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. సూదిలో దారం ఎక్కించలేకపోయేదాన్ని. వాపు మెల్లగా దిగింది. పొయ్యి చిటపటమంటే ఒళ్ళు బిగుసుకునేది. మీరా దీదీ మలంచా అనే పేటలో ఉండేది. డ్యూటీకి వెళ్తూ వస్తూ మా ఇంట్లో తొంగిచూసేది. ఒకరోజు మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు దీదీ పిన్ని వరస కలిపి ఆవిణ్ణి అడిగింది, “మీ ఊళ్ళో ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, మాశీ?”

“ఎందుకు లేరు? వరసలోనే ఉన్నారు.”

“వాళ్ళని ఎవరు చూస్తారు?”

మా అమ్మ లేచి సంచి సర్దుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం, “నువ్వొత్తావేటి, దీదీ?” అంది.

ఆవిడ వచ్చింది. సెలవు రోజున, అదే క్యాంపు లారీలో, బీపీ మిషను సంచిలో పెట్టుకుని. అధికారులు లారీకి అనుమతిచ్చారు, క్యాంపు డిస్పెన్సరీలో కూర్చోమన్నారు కూడా. తుపాకులవాళ్ళ గేటు దాటి ఏ ఆడదీ రాలేదు. దాంతో మా అమ్మ ఇంటి వరండాయే ఆసుపత్రయింది. అక్కడికీ మొదట రాలేదు. ఆ పట్టీ బిగిస్తే కడుపులో బిడ్డకి ఊపిరాడదని ఎవరో పుట్టించారు. మా అమ్మ తన చెయ్యి చాపి, పెళ్ళికూతురిలా బిగుసుకుని కూర్చుని, అందరి ముందూ బీపీ చూపించుకుంది. ఆవిడకే ఎక్కువుందని తేలింది. ఆ రోజు నుంచి ఉప్పు తగ్గించమన్నారు. దీదీ మీద మా అమ్మకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

దీదీ రోజూ రాలేదు కదా. అందుకని మా అమ్మకి ఒక పని అప్పజెప్పింది. గాజు తిప్పి చూడు, ముఖం చూడు, తలనొప్పీ కళ్ళముందు మెరుపులూ ఉన్నాయేమో అడుగు, అనుమానమొస్తే ఆగకు. గాజు బిగిసిన ప్రతిదీ జబ్బు కాదు, గాజు వదులుగా ఉన్నంత మాత్రాన ధీమా వద్దు, గాజు చెప్పేది పోయి చూపించుకోమని మాత్రమే అని మరీ మరీ చెప్పింది. అక్కడి బెంగాలీ ఆడవాళ్ళు పెళ్ళినాటి శంఖు గాజులు తియ్యరు. మావాళ్ళు సూడిదల గాజులు తియ్యరు. ఎవరి ఆచారం వాళ్ళదే ఉండనీ, తియ్యక్కర్లేదు, తిప్పండి చాలంది. ఆ మాట అందరికీ నచ్చింది.

అప్పటి నుంచి మా అమ్మకి అదే పని. చెరువుకి పోతున్నా, సంతలో ఉన్నా, కడుపుతో ఉన్న పిల్ల కనబడితే చెయ్యి లాక్కుంటుంది. మొన్నటి వేసవిలో కమల అనే పొరుగింటి కోడలి శంఖు గాజు తిరగలేదు. పంపనని వాళ్ళ అత్త అంది. మా అమ్మ ఆవిడ గుమ్మంలో బైఠాయించి, వచ్చీరాని బెంగాలీలో, “నాను కూడా పంపనన్నాను. నా కూతురు కళ్ళు పోయి పడుంటే గుమ్మం బయట కూర్చున్నాను. నువ్వు కూర్చోగలవా?” అని అడిగిందట. ఆ అత్త లేచి కోడలికి చీర మార్చింది. కమలకి ఖరగ్‌పూర్‌లోనే మగపిల్లాడు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం. ఇప్పుడు ఆ ఊరికి సర్కారు నర్సొకామె కూడా వస్తోంది. ఆమె కూర్చునేదీ మా అమ్మ వరండాలోనే.

ఇప్పుడు

రెండోది నిలబడిందని తెలియగానే ఆసుపత్రికి పోయాను. మళ్ళీ వస్తుందా అని దీదీని అడిగితే, “రావచ్చు, రాకపోవచ్చు. ఈసారి మేం చూస్తూ ఉంటాం,” అంది. అబద్ధం చెప్పనందుకు ఆవిడ మీద నమ్మకం పెరిగింది. నెలనెలా, తర్వాత వారం వారం వెళ్ళాను. వరండా బెంచీ మీద నాలాంటి వాళ్ళ పక్కన కూర్చుని, పేరు పిలిచేదాకా గాజు తిప్పుకుంటూ ఉండేదాన్ని. చూసి చూసి పక్కవాళ్ళూ తిప్పుకునేవారు. ఒకళ్ళ భయం ఒకళ్ళకి తెలిసేది, మాటలు అక్కర్లేకపోయేవి.

సూడిదలప్పుడు గాజులమ్మే ఆవిడ మళ్ళీ నా చెయ్యి పిండబోతే మా అత్తగారు కసిరింది. “పెద్దవి తియ్యి. ఇంకా పెద్దవి. మోగాల.” నా మోచేతి దాకా జారే గాజులు తొడిగారు. ఈసారి నేను పుట్టింటికి పోలేదు, పుట్టిల్లే నా దగ్గరికి వచ్చింది. మా అమ్మ మూటాముల్లెతో ట్రాఫిక్‌లో దిగింది. తొలి పురుడు పుట్టింట్లో అన్న ఆచారం మా వీధిలో ఇప్పుడు కొంచెం మారింది. పిల్ల పోవడం లేదు, తల్లులు వస్తున్నారు. పాసులు మాత్రం అవే.

కాన్పు మామూలుగా, నొప్పులతో, కేకలతో, తెల్లవారాక అయింది. తెలివితో కనడం నాకదే మొదటిసారి. పిల్లాడి ఏడుపు నా చెవులతో విన్నాను, నా కళ్ళతో చూశాను. గాజులు ఒక్కటి కూడా చిట్లలేదు. మంత్రసానికి ఇవ్వాలి కదా, మీరా దీదీ చేతిలో పెట్టాం. డ్యూటీలో వేసుకోకూడదని ఆవిడ నవ్వింది. అయినా నుదుటికి అద్దుకుని సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చాక మా అత్తగారు నాకు కొత్తవి తొడిగింది, అవీ వదులువే. ఈ ముక్క రాస్తుండగానే ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. కాగితాలు పక్కకి నెట్టి నా మణికట్టు పట్టుకుంది.

“ఇంకేటత్తా, పురుడైపోనాది గదా,” అన్నాను.

“నోరు ముయ్యి. పురుడయ్యాక కూడా కొన్నాళ్ళు వత్తాదని దీదీ సెప్పినాది. తలనొప్పున్నాదేటి?”

“లేదు.”

“కళ్ళ ముందర ఏటైనా మెరుత్తోందా?”

“నువ్వే కనబడతన్నావు.”

ఆవిడ నవ్వలేదు. తల వంచి, ఒక్కొక్క గాజూ వేలితో తోసి చూసింది. గలగలమంటూ అన్నీ తిరిగాయి. అయినా చెయ్యి వెంటనే వదల్లేదు, ఇంకోసారి తిప్పింది. ఆ తర్వాత లేచి నాకు అన్నం వడ్డించడానికి వెళ్ళింది. ఇవాళ కూడా చారే.